తలుపు వేస్తే ‘టక్’మనాలి!

పాత కారుకి కొత్త పార్టు దొరకడం పెద్ద కష్టమేం కాదు. దొరికినది అతకడమే కష్టం! యాభయ్యేళ్లు దాటిన ఓ ఫియట్ కోసం పాతబస్తీ గల్లీల్లో పద్నాలుగు నెలలు తిరిగితే తెలిసొచ్చిన సంగతులివి...

కారు మంచిదో కాదో మా నాన్న తలుపు వేసి చెప్పేవారు. బానెట్ ఎత్తడం, టైర్లు తన్ని చూడటం... అవేం ఉండవు. తలుపు తీస్తారు, వేస్తారు, చప్పుడు వింటారు. ‘టక్’మంటే కారు. ‘ధడేల్’మంటే డబ్బా. అంతే!

1970లో ఆయన కొన్న ఫియట్ 1100 డిలైట్ తలుపు టక్‌మనేది. మా పెళ్లిళ్లు, పురుళ్లు, చదువులు... అన్నీ దాన్లోనే తిరిగాయి. తర్వాత ఇంట్లోకి చిన్న మారుతి వచ్చింది. ఫియట్ షెడ్డులోకి వెళ్లింది. దాని మీద మొదట దుప్పటి, దుప్పటి మీద దుమ్ము, దుమ్ము మీద పిల్లలు కూర్చునే పాత పరుపు. అలా పందొమ్మిదేళ్లు.

రెండేళ్ల కిందట నాన్నకి ఎనభై రెండు నిండాయి. పుట్టినరోజుకి ఏం కావాలని అడిగితే ‘ఒక్కసారి దాన్లో చార్మినార్ దాకా తీసుకెళ్లు’ అన్నారు. ఇంజిను బాగుచేయిస్తే అయిపోతుందనుకున్నాను. నిజంగానే ఇంజిను మూడు వారాల్లో మొరాయించడం మానేసింది. మిగిలిన నెలలన్నీ ఎక్కడికి పోయాయంటే... తలుపులకి!

కొత్త రబ్బరు, కొత్త తలనొప్పి

తలుపుల చుట్టూ ఉండే బీడింగు రబ్బరు ఎండిపోయి పెళుసు బారింది. ముట్టుకుంటే అప్పడంలా విరిగింది. వేరే ఊళ్లోని ఓ దుకాణం నుంచి కొత్త సెట్టు తెప్పించాను. డబ్బా మీద కారు బొమ్మ, ‘అచ్చం ఒరిజినల్’ అనే హామీ. పాత రబ్బరంతా ఊడబెరికి, శుభ్రంగా గోనెసంచిలో వేసి చెత్తబండికి ఇచ్చేశాను. కొత్తది అంటించాను. తలుపు వేశాను. పడలేదు. కాస్త గట్టిగా వేశాను. వెనక్కి తన్నింది. భుజంతో నెట్టాను... పడింది. కానీ తీయడానికి మళ్లీ భుజమే వాడాల్సొచ్చింది.

పురానీ హవేలీకి దగ్గర్లో ఓ ఇరుకు గల్లీ. రెండు కార్లు పట్టే రేకుల షెడ్డు. పాత బళ్ల బాడీ పని చేసే ఉస్తాద్ అక్కడున్నారని తెలిసి వెళ్లాను. డెబ్భై ఏళ్ల పెద్దమనిషి. సంగతంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేశారు. ‘పురానా రబ్బర్ కహా హై?’ పారేశానన్నాను. ఆయన మాట్లాడలేదు. చాయ్ తెప్పించారు. పాతబస్తీలో చాయ్ తెప్పించారంటే విషయం పెద్దదేనని అర్థం.

పాత కార్ల పనిలో మొదటి సూత్రం అదేనట. కొత్తది అమరి, నెల రోజులు పనిచేసేదాకా పాతదాన్ని పారేయకూడదు. విరిగిన ముక్కైనా సరే, తుప్పు పట్టిందైనా సరే. ఎందుకంటే అదే నమూనా, అదే కొలత, అదే సాక్ష్యం. కొత్తది ఎక్కడ తప్పిందో చెప్పగలిగేది పాతదొక్కటే. బీడింగయితే రెండంగుళాల ముక్క చాలు. అది కూడా ఎండ, వాన తగలని మూల నుంచి కోసి తీసుకోవాలి. అడ్డంగా కోసిన ఆ అంచుని చూస్తే రబ్బరు ఎంత మందం, గాడి ఎంత లోతు, పెదవి ఎటు వంగింది... అన్నీ తెలుస్తాయి. నాది గోనెసంచిలో వెళ్లిపోయింది కదా!

నా అదృష్టం బాగుండి వెనక కుడి తలుపు కింద, పెయింటు పూసిన చోట మూడంగుళాల ముక్క అతుక్కుని ఉండిపోయింది. ఉస్తాద్ దాన్ని బ్లేడుతో నెమ్మదిగా లేపి కొత్తదాని పక్కన పెట్టారు. చూడ్డానికి రెండూ ఒకటే. గోటితో నొక్కమన్నారు. పాతది, అంత ఎండినా, కాస్త దిగింది. కొత్తది దిగలేదు. పైగా ఓ బియ్యపు గింజంత ఎత్తు ఎక్కువ. నాలుగు వైపులా ఆ బియ్యపు గింజే తలుపుని వెనక్కి తోస్తోంది.

కబ్జా కథ

అయితే తప్పంతా రబ్బరుదే కాదని ఆ రోజే తేలింది. ఉస్తాద్ తలుపు సగం తీసి, గొళ్లెం ఉండే వైపు అంచు కింద చెయ్యి పెట్టి పైకెత్తారు. తలుపు లేచింది! ‘కబ్జా గయా’ అన్నారు.

కబ్జా అంటే హైదరాబాదీలకి ఖాళీ స్థలాల గొడవే గుర్తొస్తుంది. మెకానిక్కుల భాషలో మాత్రం తలుపు బందు. దాని లోపల పిన్ను అరిగితే తలుపు కిందికి వాలుతుంది. వాలిన తలుపుకి ఎంత మంచి రబ్బరు వేసినా ఒక మూల నలుగుతుంది, ఇంకో మూల గాలి కొడుతుంది. నేను రబ్బరుతో మొదలుపెట్టాను. మొదలుపెట్టాల్సింది బందుతో. బందు బిగిశాక తలుపు ఖాళీలు సరిచూడాలి. తర్వాత గొళ్లెం కొండి. అన్నీ కుదిరాక చివర్లో రబ్బరు. ‘పార్టు సరిపోలేదు’ అని దుకాణదారుని తిట్టే వాళ్లలో చాలామంది, వాలిపోయిన బాడీకి సరైన పార్టు బిగించాలని చూసేవాళ్లేనట. నేనూ తిట్టాను కాబట్టి ఏమీ అనలేకపోయాను.

మీ ఇంట్లోనూ ఓ ముసలి కారుంటే ఈ పరీక్ష మీరే చేయొచ్చు. తలుపు తీసి ఎత్తి చూడండి. కదిలితే బందు పని ఉంది. రబ్బరు సంగతి తేలాలంటే పేపరు చాలు... ఇదే పేపరైనా ఫర్వాలేదు, చదివాకే సుమా! ఓ పట్టీ చింపి తలుపు సందులో పెట్టి మూయండి. మెల్లగా లాగండి. జారుతూ వచ్చేస్తే అక్కడ నీళ్లు కారతాయి. చిరిగితే రబ్బరు మరీ ఒత్తేస్తోంది. కాస్త పట్టి పట్టి వస్తే సరిపోయినట్టే. చుట్టూ పది చోట్ల ఇలా చూస్తే తలుపు జాతకం మొత్తం చేతికొస్తుంది.

పచ్చ రోల్స్‌రాయిస్‌కి ‘స్పేర్’ లేదు

అసలు పార్టులెందుకు అతకవు? ఫ్యాక్టరీలో చేసినవేగా!

ఈ ప్రశ్నకి సగం జవాబు ఉస్తాద్ షెడ్డుకి కూతవేటు దూరంలోనే ఉంది. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుప్పచ్చ రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కనిపిస్తుంది. 1912 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పురమాయించారు. 1911లో ఆయన కన్నుమూయడంతో కారు కొడుకు ఉస్మాన్ అలీఖాన్ కాలానికి చేరింది. పిల్లలతో వెళ్తే అందరూ దాని ముందు నిలబడి ఫొటో దిగుతారు. ఈసారి వెళ్లినప్పుడు తలుపు అంచులు చూడండి.

ఆ రోజుల్లో రోల్స్‌రాయిస్ కంపెనీ ఇచ్చేది చట్రం, ఇంజిను మాత్రమే. పైన బాడీ కట్టేది వేరేవాళ్లు. ఈ కారు బాడీ లండన్‌లోని బార్కర్ కంపెనీ కట్టింది. గుర్రపు బగ్గీలు కట్టిన చేతులవి. చెక్క చట్రం చేసి, దాని మీద రేకు సాగగొట్టి, ఆ తలుపుని ఆ గుమ్మానికే చిత్రిక పట్టి అమర్చేవారు. అంటే ఒక కారు తలుపు తీసుకెళ్లి మరో కారుకి పెడితే సరిపోవాలనే నియమమే లేదు. అప్పట్లో ‘స్పేర్’ తలుపు అనేది ఉంటే అది పనివాడి చేతిలోనే ఉండేది.

ఏ పార్టు ఏ కారుకైనా సరిపోవాలన్న ఆలోచన కార్ల లోకంలో పెద్ద వార్త అయింది 1908లో. ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్‌లో మూడు కాడిలాక్ కార్లని పూర్తిగా విప్పేశారు. ముక్కలన్నీ కలగాపులగం చేసి, కొన్ని తీసేసి వాటి చోట దుకాణంలోని కొత్తవి కలిపారు. మళ్లీ మూడు కార్లు బిగించి అయిదొందల మైళ్లు నడిపారు. చెక్కుచెదరలేదు. ఆకురాయి ముట్టకుండా కారు కట్టడమా అని జనం నోళ్లు వెళ్లబెట్టారు. ఆ కంపెనీకి డేవార్ ట్రోఫీ దక్కింది.

మా ఫియట్ ఆ రెండో రకానిది. ముంబయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్‌లో అచ్చుల మధ్య రేకుని ఒత్తి చేసింది. సిద్ధాంతం ప్రకారం ఏ ఫియట్ తలుపైనా దీనికి పట్టాలి. కానీ అచ్చులూ అరుగుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ గ్రిల్లు, తోక దీపాలు, మెరుపు పట్టీలు మారుతూ వచ్చాయి. 1974 నుంచి బండి పేరే ‘ప్రీమియర్ పద్మిని’ అయింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక బజారులోకి వచ్చే ‘లోకల్’ పార్టు దేన్ని చూసి చేసినట్టు? ఎవరి దగ్గరో ఉన్న పాత పార్టుని చూసి. అది అప్పటికే ఓసారి గుద్దుకుని సాపు చేసిందైతే? సొట్టకి కూడా నకలు తీస్తారు! తర్వాత వచ్చేవాడు ఆ నకలుకి నకలు తీస్తాడు. పెళ్లి వీడియో క్యాసెట్టుకి క్యాసెట్టు నుంచి కాపీ తీసిన రోజులు గుర్తున్నాయా? అలాగే.

ఇంగ్లండ్‌లో ఈ గోల కొంత తప్పింది. అక్కడ 1975లో మొదలైన ‘బ్రిటిష్ మోటార్ హెరిటేజ్’ సంస్థ పాత కంపెనీల అసలు అచ్చుల్ని వెతికి పట్టుకుంది. 1988కల్లా ఎమ్‌జీబీ కారు బాడీ మొత్తాన్ని మళ్లీ కొత్తగా ఒత్తి అమ్మింది. మన అంబాసడర్‌కి తాత అయిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కూడా అదే దేశానిదే. కానీ అంబాసడర్ పుట్టి పెరిగింది ఉత్తరపారాలో. 2014 మేలో అక్కడ ఉత్పత్తి ఆగింది. 2017లో ఆ పేరుని ఎనభై కోట్లకి ప్యూజో కంపెనీకి అమ్మారు. పేరుకైతే గిరాకీ ఉంది... ఫెండరు కావాల్సిన వాడి గోడు ఎవరికి?

ట్యాక్సీలున్నన్నాళ్లూ...

‘పదేళ్ల కిందట రావాల్సింది’ అని నాతో కనీసం ఆరుగురు అన్నారు.

మూసీ దాటితే గౌలిగూడ, పుత్లీబౌలీ. పాత, కొత్త మోటారు విడిభాగాల దుకాణాలు. మరికాస్త ముందుకెళ్తే సికింద్రాబాద్ రాణిగంజ్. బేరింగులూ, సీళ్లూ, పనిముట్లూ అయితే అక్కడ. గురువారమైతే పురానాపూల్ వైపు జుమ్మేరాత్ బజార్. రోడ్డు మీద దుప్పట్లు పరిచి, దాని మీద ప్రపంచంలో ఎవరికీ అక్కర్లేనివన్నీ పోస్తారు. సైకిలు పెడలు, సగం మిక్సీ, టెలిఫోను రిసీవరు, వాటి మధ్య హఠాత్తుగా ఓ ఫియట్ తలుపు పిడి! చార్మినార్ పక్కన మహబూబ్ చౌక్... జనం నోట ముర్గీ చౌక్. 1892 నాటి గడియార స్తంభం ఉన్న చోటు. పాత ఇనుప సామాను, పనిముట్లు అక్కడా దొరుకుతాయి.

ఈ బజార్లలో తిరగడానికి ఓ పద్ధతి ఉంది. ‘ఫియట్ పార్టు ఉందా’ అంటే లేదంటారు. పేరు చెప్పకుండా చేతిలోని ముక్క చూపిస్తే లోపలికి వెళ్లి ఏదో ఒకటి తెస్తారు. వాళ్లకి గుర్తుండేది పేరు కాదు, ఆకారం. అందుకే ప్యాంటు జేబులో నమూనా, చొక్కా జేబులో చిన్న వెర్నియర్ కాలిపర్స్ ఉండాలి. ఒకాయన నా రబ్బరు ముక్కని చూసి, ఇది మీ కారుది అక్కర్లేదు, ఫలానా లారీ కిటికీది మీటర్ల లెక్కన దొరుకుతుంది, అదే కొలత అన్నాడు. నమ్మలేదు. తెచ్చి గోటితో నొక్కాను. దిగింది! డబ్బా మీద కారు బొమ్మ లేదు, హామీ లేదు. ఖర్చు మాత్రం మొదటి సెట్టులో నాలుగో వంతు.

‘పదేళ్ల కిందట రావాల్సింది’ అనే మాటకి కారణం ట్యాక్సీలు. ఒక కారు రోడ్డు మీద పొట్టకూటికి తిరుగుతున్నన్నాళ్లూ దాని పార్టులు చవగ్గా, కుప్పలుగా తయారవుతాయి. ముంబయి నలుపు పసుపు ట్యాక్సీలు పద్మినికి, కోల్‌కతా పసుపు ట్యాక్సీలు అంబాసడర్‌కి అలా అన్నం పెట్టాయి. ముంబయిలో చివరి పద్మిని ట్యాక్సీ 2003 అక్టోబరులో రిజిస్టరైంది. అక్కడ ట్యాక్సీ ఆయుష్షు ఇరవై ఏళ్లు కాబట్టి 2023 అక్టోబరు చివర్లో దాని కథ ముగిసింది. పేపర్లన్నీ ఫొటోలు వేశాయి. అందరికీ అది జ్ఞాపకం. పార్టులు చేసే చిన్న వర్క్‌షాపుకి మాత్రం రోజువారీ గిరాకీ. ట్యాక్సీవాలా నెలకో బ్రేకు సామాను కొంటాడు, నాలాంటివాడు పదేళ్లకోసారి! ఇద్దరూ ఒకటెలా అవుతారు?

మరి పాత కారుని కోసి అమ్మే కబాడీ దగ్గర దొరకదా అంటే... తుక్కు బండి అక్కడ ఉండేది కొన్ని రోజులే. ఇనుము ధర బాగుంటే బండి బండిగానే పోతుంది. తలుపు విడిగా ఊడదీసి పెట్టుకోడానికి చోటేదీ?

చూడీ... గాజులది కాదు

తలుపు బందుకి కొత్త బోల్టులు తెచ్చాను. రెండు చుట్లు హాయిగా తిరిగి మూడోదానికి బిగుసుకుపోయాయి. నూనె వేసి పానాతో బలంగా తిప్పబోతుంటే ఉస్తాద్ దగ్గరున్న కుర్రాడు చెయ్యి పట్టుకుని ఆపాడు. ‘చూడీ అలగ్ హై అంకుల్!’

చూడీ అంటే లాడ్‌బజార్ గాజులే తెలుసు నాకు. బోల్టు మీది మరని కూడా అలాగే అంటారు. ఫియట్‌వి మిల్లీమీటర్ల లెక్క. నేను తెచ్చినవి అంగుళాల లెక్క. చూపుకి ఒకే లావు. అయినా ఇది తేలిక కేసే. నిజాం కాలపు ఇంగ్లిష్ కార్లయితే ఇంకో చిక్కు. పాత బ్రిటిష్ మర కోణం యాభై అయిదు డిగ్రీలు, అమెరికా పద్ధతిది అరవై. యుద్ధం టైములో ఒకరి సామాను ఒకరికి పట్టక నానా అవస్థలు పడి, 1948లో బ్రిటన్, అమెరికా, కెనడా కూర్చుని ఒకే కొలతకి ఒప్పుకున్నాయి. అంతకుముందు పుట్టిన ఇంగ్లిష్ కార్లలో చాలావాటికి పాత లెక్కే. మూడు బై ఎనిమిది అంగుళాల సన్నమర బోల్టు తీసుకుంటే పాత ఇంగ్లిష్‌లో అంగుళానికి ఇరవై మరలు, కొత్తదాంట్లో ఇరవై నాలుగు. బలవంతంగా తిప్పితే తిరుగుతుంది... లోపలి మరని కోసుకుంటూ! ఆ తర్వాత ఆ రంధ్రానికి ఏ బోల్టూ పట్టదు.

అందుకే పాత మెకానిక్కులు బోల్టుని పానాతో మొదలుపెట్టరు. వేళ్లతో తిప్పుతారు. వేళ్లతో నాలుగైదు చుట్లు తిరగకపోతే అది దానిది కాదన్నమాట. మర కొలిచే ‘పిచ్ గేజ్’ విసనకర్రలా విప్పుకునే చిన్న సాధనం. దువ్వెనలాంటి రేకులు ఒక్కోటి ఆనించి చూస్తే సందు లేకుండా కూర్చున్నదే దాని కొలత. కుర్రాడు నాకొకటి చూపించి మరీ కొనిపించాడు. పద్నాలుగు నెలల్లో నేను కొన్నవాటిలో అన్నిటికంటే పనికొచ్చింది అదే.

కొనేదేది... చేయించేదేది

డబ్బు దండిగా ఉన్నవాళ్లు అన్నీ కొత్తవి కొంటారు. పట్టుదల ఉన్నవాళ్లు అన్నీ ఒరిజినల్ వెతుకుతారు. ఉస్తాద్ దారి రెండూ కాదు. బయటి రేకు విషయంలో ఆయనకి లోకల్ మాలంటే గిట్టదు. కొత్త ఫెండరు తూకంలోనే తేలికగా ఉంటుంది, రేకు పల్చన. దీపం గుండ్రం దగ్గర వంపు తేడా కొడుతుంది. తుప్పు పట్టినా సరే మీ పాతదే తెండి, కుళ్లిన చోటు కోసేసి అంతవరకే రేకు ముక్క కొట్టి అతుకుతా అంటారు. అతుకు వేశాక మందంగా పుట్టీ పూయడమూ ఆయనకి నచ్చదు. పూర్వం సీసం కరిగించి నింపేవాళ్లట. పుట్టీ మందం పెరిగితే మన ఎండలకి ఎప్పుడో ఓ రోజు బీటలు వారుతుంది.

ఇంకో పట్టింపు... రంగు వేయకముందే కారంతా ఓసారి బిగించేస్తారు. తలుపులు, బానెట్టు, డిక్కీ, దీపాల గుండ్రాలు, బంపర్లు... అన్నీ వదులు బోల్టుల మీద నిలబెట్టి చుట్టూ తిరిగి ఖాళీలు చూస్తారు. మళ్లీ విప్పుతారు. మళ్లీ బిగిస్తారు. మా ఫియట్‌ని అలా నాలుగుసార్లు కట్టి విప్పారు. నాకేమో రోజులు పోతున్నాయని కంగారు. రంగు వేశాక తలుపు తగులుతోందని తెలిస్తే? అప్పుడు సుత్తి తీయాల్సి వస్తుంది. సుత్తి పడ్డాక మళ్లీ రంగు! ఈ కంగారుతోనే చాలా కార్లు రెండుసార్లు పెయింటు ఖర్చు పెట్టిస్తాయి.

మెరిసే సామాను సంగతి వేరు. బంపరు ఇనుముది కాబట్టి సొట్టలు తీసి మళ్లీ నికల్ వేయించొచ్చు. రాగి పూత, దానిపై నికెల్, ఆపైన క్రోమ్. తలుపు పిడుల్లాంటివి జింకు మిశ్రమంతో పోతపోసినవి. వాటి మీద పొక్కులు లేస్తే లోపలి లోహమే తినేసినట్టు. ఎక్కువ అరగదీస్తే మెరుపు వస్తుంది, అంచులూ అక్షరాలూ పోతాయి. అలాంటివి పాతబజారులో వాడినదే దొరికితే కొత్తదాని కంటే నయం. నాకు జుమ్మేరాత్ బజార్‌లో దొరికిన పిడి అలాంటిదే. మరో ఇంటి ఫియట్‌ది. దాన్ని ఎన్ని చేతులు తీసి ఉంటాయో!

అద్దాల విషయంలో ఒక తమాషా ఉంది. కారు ఎంత ముసలిదైతే అంత తేలిక! 1930ల నాటి బండికి బల్లపరుపు గాజు, చెక్క చట్రం, రేకు. మంచి వడ్రంగి, గాజు కోసేవాడు, రేకు పనివాడు ఉంటే మళ్లీ పుట్టించొచ్చు. యాభైలు, అరవైల కార్లకి వంపు గాజు, అచ్చు బాడీ. వంపు గాజు కావాలంటే దానికో అచ్చు కావాలి. అందుకే రోల్స్‌రాయిస్ ఉన్నాయన నిశ్చింతగా ఉంటే, ఫియట్ ఉన్నవాడు ముందు అద్దానికి దిష్టి తీస్తాడు. మా అద్దం పగల్లేదు, అదే పదివేలు. దాన్ని తిరిగి బిగించడం మాత్రం చూసి తీరాల్సిన దృశ్యం. గాజు చుట్టూ రబ్బరు తొడుగుతారు. రబ్బరు గాడిలో నూలుతాడు దోపుతారు. సబ్బునీళ్లు పూసి కిటికీకి ఆనిస్తారు. లోపల కూర్చున్నాయన తాడు అంగుళం అంగుళం లాగుతుంటే బయటున్నాయన అరచేత్తో తడుతుంటాడు. తాడు వస్తున్న కొద్దీ రబ్బరు పెదవి అంచు దాటి లోపలికి కూర్చుంటుంది. పది నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. చాయ్ కుర్రాడు కూడా గుమ్మంలోనే ఆగిపోయాడు.

చేతులతో కారునే పుట్టించే ఊరు కదా మరి ఇది. బహదూర్‌పురాలో సుధాకర్ యాదవ్ పెట్టిన సుధా కార్ల మ్యూజియం చూసే ఉంటారు. బర్గరు, బూటు, క్రికెట్ బ్యాటు... ఏ ఆకారం కావాలంటే ఆ కారు. అక్కడ ఊహకి రేకుని వంచుతారు. ఇక్కడ ఉస్తాద్ పని అందుకు తిరగేసి. ఊహకి చోటు లేదు. యాభయ్యేళ్ల కిందట ఎక్కడుందో గీత సరిగ్గా అక్కడికే రావాలి.

ఒక్క దగ్గర మాత్రం ఆయన పాతదానికి మొహమాటపడరు. బ్రేకులు! ఎప్పటిదో కంపెనీ మాల్, సీలు విప్పని డబ్బా దొరికిందని సంబరంగా బ్రేకు కప్పులు తీసుకెళ్లాను. ఆయన ఒకటి తీసి వేళ్లతో సాగదీశారు. సన్నగా చీలింది. ఇనుప పార్టు డబ్బాలో ముప్ఫై ఏళ్లున్నా బంగారమే. రబ్బరు మాత్రం వాడకపోయినా ముసలిదవుతుంది. కాబట్టి బ్రేకు గొట్టాలు, కప్పులు ఈమధ్య తయారైనవే, పేరున్న కంపెనీవే వేయాలి. బ్రేకు సిలిండరు లోపల గుంటలు పడి ఉంటే, లేత్ మీద లోపల తొలిచి కొత్త స్లీవ్ దించి, పాత కొలతకే తేవాలి. చవగ్గా వచ్చిందని ఇక్కడ రాజీపడితే తలుపు టక్‌మనడం వినడానికి మనం ఉండొద్దూ?

వీఏ బోర్డు

మార్పులు చేసేముందు చూసుకోవాల్సిన కాగితం ఒకటుంది. 2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ పాతకాలపు వాహనాలకి ప్రత్యేక రిజిస్ట్రేషను తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి యాభయ్యేళ్లు దాటిన కార్లు, ద్విచక్ర వాహనాలకి రాష్ట్రం కోడు తర్వాత ‘వీఏ’ అక్షరాలతో నంబరిస్తారు. ఆ నిబంధనల్లో రుసుము ఇరవై వేలు, గడువు పదేళ్లుగా పెట్టారు. అయితే చట్రం, బాడీ, ఇంజిన్లలో చెప్పుకోదగ్గ మార్పులు చేసి ఉండకూడదు. రోజూ ఆఫీసుకి వేసుకెళ్లడానికి, కిరాయికి తిప్పడానికి కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతులు... అంతే.

అంటే ‘దొరకలేదు కదా’ అని వేరే కారు ఇంజిను దించేస్తే, బండి నడుస్తుంది కానీ ఆ గౌరవం పోయే ప్రమాదం ఉంది. బీడింగు రబ్బరు లారీది వేశామని ఎవరూ అడగరు. ఏది మారిస్తే కారు మారిపోతుందో, ఏది మారినా కారు అదేనో... ఈ గీత ఎక్కడుందన్నది పాత కార్ల వాళ్లు కలిసినప్పుడల్లా తెగని వాదన. చైతన్య రథం గుర్తుందిగా? అదీ పాత షెవర్లే వ్యానే! ఆ బాడీ మార్చినందుకే చరిత్రకెక్కింది. కాబట్టి నేనైతే ఆ వాదనలోకి పోను. బ్రేకులు కొత్తవి, ఇంజిను పాతది. నాకు చాలు.

మళ్లీ గురువారం

డిసెంబరులో ఓ ఆదివారం పొద్దున్నే నాన్నని ముందు సీట్లో కూర్చోబెట్టాను. ఆయనకి ఇప్పుడు చెవులు సరిగ్గా వినబడవు. ఆ సంగతి ఈ పద్నాలుగు నెలల్లో నాకెందుకు తట్టలేదో తెలీదు. తలుపు నేను వేయబోతే వద్దన్నారు. తనే పిడి పట్టుకుని లాక్కున్నారు. అరచెయ్యి తలుపు మీద అలాగే ఉంచారు కాసేపు. చప్పుడు చేతికి తెలిసినట్టుంది.

నయాపూల్ మీదుగా వెళ్లాం. మదీనా దగ్గర ట్రాఫిక్కు ఆగితే పక్క ఆటోవాలా తల బయటపెట్టి ‘కౌన్‌సా మోడల్ చాచా?’ అనడిగాడు. నాన్నకి వినపడలేదు, కానీ ఏమడిగి ఉంటాడో తెలిసిపోయింది. ‘సత్తర్!’ అన్నారు గట్టిగా. చార్మినార్ చుట్టూ బళ్లు వెళ్లనివ్వరు కాబట్టి దూరంగానే ఆపాను. దిగలేదాయన. అద్దంలోంచే చూశారు. ఇరానీ చాయ్ కారులోకే తెప్పించుకున్నారు. తిరుగుప్రయాణంలో ఉస్తాద్ షెడ్డు దగ్గర ఆగితే ఆయన వచ్చి నాలుగు తలుపులూ వరసగా తీసి వేశారు. మూడు టక్‌మన్నాయి.

వెనక ఎడమ తలుపు మాత్రం రెండోసారి వేయాలి. రబ్బరు బాగానే ఉంది, బందూ బాగుంది. గొళ్లెం కొండి అరిగిందట. లేత్ మీద చేయించొచ్చు గానీ, ఎక్కడైనా అసలుది దొరుకుతుందేమో ఓ వారం చూడమన్నారు. పాత కొండిని కాగితంలో చుట్టి ఇచ్చారు. ఈ గురువారం మళ్లీ జుమ్మేరాత్ బజార్‌కి వెళ్లాలి.